అత్త ఆదివారం మాత్ర

మా మేనత్త పోయింది. పోయిన నెల ఒక మంగళవారం, పొద్దున పదకొండు గంటలప్పుడు, నేను ల్యాబ్‌లో రక్తం గొట్టాలు స్టాండుకి నిలబెట్టి, రక్తం ఎంత కిందికి దిగిందో చదవడానికి గంట ఎప్పుడవుతుందా అని గడియారం చూస్తుంటే మామయ్య ఫోన్ చేశాడు. ఆయన ఫోన్లో ఎప్పుడూ అరిచే మాట్లాడతాడు. ఊళ్లో మాట గుంటూరులో వినపడాలంటే అరవాలని ఆయన నమ్మకం. ఆ రోజు అరవలేదు. "అమ్మాయ్, మీ అత్త లేదమ్మా ఇక" అన్నాడు మెల్లగా. నేను "సరే మామయ్యా" అన్నాను. చావు కబురు చెబితే ఎవరైనా సరే అంటారా? నేనన్నాను. ఆ తర్వాత గంట పూర్తయ్యేదాకా అక్కడే నిలబడి, పన్నెండు గొట్టాలూ చదివి, కాగితం మీద వేసి, అప్పుడు కూలబడ్డాను.

ఊపిరితిత్తులకి నిమ్ము చేసిందని, నాలుగు రోజులు కూడా ఆగలేదని తర్వాత తెలిసింది. కీళ్లవాతం ఏళ్ల తరబడి నమిలేసిన మనిషి, నిమ్ము వస్తే తట్టుకోలేకపోయింది. అందరూ ఆ మాటే అన్నారు. నేనూ తలాడించాను. కానీ నా దగ్గర ఇంకో మాట ఉంది. అది చెప్పకుండా అత్త మంచితనం గురించి నాలుగు ముక్కలు రాస్తే అది అబద్ధమవుతుంది.

ఆమె మా నాన్నకి అక్క. నరసరావుపేట దాటి వినుకొండ దారిలో వెళ్తే, రోడ్డు దిగాక రెండు మైళ్లు లోపల వాళ్ల ఊరు. నల్లరేగడి నేల. నాలుగెకరాల్లో సగం మిరప, సగం పత్తి. పిల్లల్లేరు. నేను ఇంటర్ రెండేళ్లూ వాళ్లింట్లో ఉండి చదివాను. చదివానని అనడం మర్యాదకి. ఫిజిక్స్ తప్పాను. మా నాన్న ఇక చాలు, పెళ్లి చేసేద్దాం అన్నాడు. అత్త ఆ మర్నాడే మొదటి బస్సెక్కి మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడి మా నాన్నతో యుద్ధం చేసింది.

"ఒక్క పరీక్ష పోతే పిల్లే పోయిందంటావేరా? దీన్ని గుంటూరులో ఆ ల్యాబు కోర్సులో చేర్చు. కాయ చూసి రకం చెప్పేది నేను. రక్తం చూసి రోగం చెప్పేది ఇది."

చేర్చాడు. మా నాన్నకి దేవుడంటే భక్తి, అక్కంటే భయం.

కాయ చూసి రకం చెప్పడం ఊరికే అన్న మాట కాదు. కల్లంలో ఆరబోసిన మిరపకాయల్లోంచి గుప్పెడు తీసి, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా నొక్కేది. లోపల గింజ కదిలే చప్పుడు వినేది. "ఇంకో రెండెండలు పడాలి" అనేది, లేదంటే "ఇయ్యాలే ఎత్తండి, రేపటికి చిట్లిపోద్ది" అనేది. మామయ్య ముప్ఫై ఏళ్ల వ్యవసాయంలో ఒక్కసారి ఆ మాట కాదని ఇంకో రోజు ఎండబెట్టాడట. ఆమె ఉన్నన్నాళ్లూ ఆయన ఆ దెప్పు వింటూనే ఉన్నాడు. ఇక తాలుకాయలు ఏరడం మొదలుపెడితే ఆమె చేతులు చూడాల్సిందే. తెల్లబడ్డ కాయ ఎర్రటి రాశిలో ఎంత లోపల దాక్కున్నా వేళ్లు వెళ్లి పట్టుకొచ్చేవి. కళ్లు మాత్రం పక్కన కూర్చున్న కూలీల మీద ఉండేవి, నోరు ఎవరో ఒకర్ని ఆటపట్టిస్తూ ఉండేది. "తాలుకాయకి తాను తాలని తెలవదే. మంచికాయల్లో కూచుని తానూ ఎర్రగానే ఉన్నాననుకుంటది" అనేది. అప్పుడు నవ్వేదాన్ని.

ఆ వేళ్లే ముందు పోయాయి. నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో చేరిన కొత్తలో, పొద్దున్నే లేస్తే గుప్పిట ముడుచుకోవడం లేదని చెప్పింది. వేడినీళ్లలో అరగంట పెడితే తప్ప చెంబు పట్టుకోలేనంది. వేళ్ల కణుపులు రెండు చేతులకీ ఒకేలా వాచాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి మాత్రలు మింగుతూ రెండు సీజన్లు లాగింది. నేనే పట్టుబట్టి పిలిపించి, రక్తం నేనే తీశాను. గాజు పలక మీద బొట్టు వేసి, మందు కలిపి, అటూ ఇటూ ఊపుతుంటే తెల్లటి పలుకులు కట్టింది. కీళ్లవాతమే. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తి దారి తప్పి సొంత కీళ్లనే కొరికే జబ్బు. డాక్టరుగారు వారానికి ఒక్కసారి, ఆదివారం మాత్రమే వేసుకునే మాత్ర రాశారు. నెలలు పడుతుందనీ ఓపిక పట్టాలనీ మరీ మరీ చెప్పారు.

ఆ మాత్ర ఆమెకి పడలేదని కాదు, ఆమెకే నచ్చలేదు. సోమవారమంతా వికారం, నోట్లో పుండ్లు. దానికితోడు కడుపులో మంట. ఆ మంట కొత్తది కాదు, కీళ్లకంటే ముందునుంచే ఉంది. కానీ మా వైపు కడుపులో మంటని ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు. గొడ్డుకారంలో నూనె పోసుకుని వేడన్నంలో కలుపుకు తినేవాళ్లకి కడుపు మండక చల్లగా ఉంటుందా అంటారు. అత్త కూడా అలాగే అనుకుని, తప్పంతా కారం మీద వేసి, నాలుగేళ్లు కారం మానేసింది. ఇంటి నిండా మిరపకాయల బస్తాలు పెట్టుకుని మజ్జిగన్నం తినేది. పెళ్లిళ్లకి వెళ్తే విస్తరి ముందు కూర్చోవడానికి సిగ్గుపడేది. "మిరప పండించేదాన్ని చప్పిడి కూడు తింటంటే ఊరు నవ్వుద్ది" అని బంతి చివర్లో కూర్చునేది.

నల్లగా విరేచనం అయిందని మామయ్య చెబితే డాక్టరుగారు నోట్లోంచి పొట్టలోకి గొట్టం వేసి చూశారు. పొట్టలో పుండు. నొప్పి మాత్రల పాపం కొంత ఉందన్నారు. ఎందుకైనా మంచిదని పొట్ట గోడ నుంచి చిన్న ముక్క తీసి నా చేతికిచ్చారు. దాన్ని పసుపురంగు ద్రవంలో వేశాను. క్రిమి ఉంటే ఆ పసుపు గులాబీగా మారుతుంది. పావుగంటలో మారింది. నా కళ్లముందే, నా చేతుల్లోనే, అత్త పొట్టలో ఎన్నేళ్లుగానో కాపురం ఉన్న క్రిమి పట్టుబడింది. ఇన్నాళ్లూ పాపం కారం మీద వేశాం.

అంతకుముందు డాక్టరుగారు జూనియర్లతో ఈ క్రిమి గురించి ఏదో చెబుతుంటే విన్నాను. అందుకని అడిగాను, "సార్, దీనికీ కీళ్లకీ సంబంధం ఉందంటారా?" అని. ఆయన నిదానస్తుడు. పెన్ను కింద పెట్టి చెప్పారు.

"ఉండొచ్చని కొందరి అనుమానమమ్మా. ఏళ్ల తరబడి పొట్టలో క్రిమి తిష్ఠ వేస్తే, దాంతో పోట్లాడి పోట్లాడి ఒంట్లో రక్షణ గాడి తప్పి కీళ్ల మీద పడుతుందేమోనని. క్రిమి పోయాక కీళ్లు నెమ్మదించినవాళ్లు ఉన్నారంటారు. ఏ తేడా లేనివాళ్లూ ఉన్నారు. ఇంకా ఏదీ తేలలేదు. మనం పొట్ట కోసం మందిద్దాం. కీళ్ల మందు మాత్రం ఆపకూడదు."

ఆయన చెప్పిందంతా ఇదీ. నాకు వినపడింది ఇందులో సగమే. ఉండొచ్చన్నారు, నెమ్మదించినవాళ్లు ఉన్నారన్నారు. మిగతాది చెవిన పడలేదని అబద్ధం చెప్పను, పడింది. పక్కన పెట్టేశాను. నన్ను గుమ్మంలో నిలబడి గెలిపించిన మనిషికి నేనొక పెద్ద మేలు చేయబోతున్నానన్న సంతోషంలో ఉన్నాను. ఫిజిక్స్ తప్పినదాన్ని ఏదో కనిపెట్టేశానన్న గర్వం కూడా ఉంది, దాచడమెందుకు.

ఆ ఆదివారమే ఊరికి వెళ్లాను. అత్త అరుగు మీద కూర్చుని కాళ్లకి నూనె రాసుకుంటోంది.

"అత్తా, దొంగ దొరికాడు" అన్నాను.

"ఎవడే?"

"నీ పొట్టలోనే ఉన్నాడు. మంటకీ వాడే, వేళ్లకీ వాడే."

ఆమె తన పొట్ట వంక చూసుకుంది. "ఓరి నీ దుంపతెగ! నేను పెట్టిన కూడు తింటా నా వేళ్లే కొరికాడా?" అని పగలబడి నవ్వింది. మామయ్య కూడా నవ్వాడు. ఆ ఇంట్లో చాన్నాళ్లకి అంత పెద్ద నవ్వు.

పద్నాలుగు రోజులు మూడు రకాల మాత్రలు పూటపూటకీ మింగింది. పొట్ట చల్లబడింది. నెల తిరిగాక నేను వెళ్తే, పండుమిరపకాయ పచ్చడి జాడీ దించి, అన్నంలో ఎర్రగా కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. కళ్లలోంచి నీళ్లు. "మంటా అత్తా?" అని భయపడ్డాను. "కాదే, రుచి" అంది. వేళ్ల వాపు కూడా తగ్గింది. గుప్పిట ముడిచి చూపించింది. మళ్లీ తెరిచి, మళ్లీ ముడిచింది.

అప్పటికి ఆదివారం మాత్ర మొదలై అయిదు నెలలు. వాపు తగ్గించింది ఆ మాత్రే అయ్యుండొచ్చు. ఇవాళ ఈ మాట తేలిగ్గా రాస్తున్నాను. ఆ రోజు నాకు తోచలేదు, తోచినా ఒప్పుకునేదాన్ని కాదు. ఆమె మాత్రల అట్ట తీసి, "రేపంతా మళ్లీ వాంతులే" అని ముఖం చిట్లిస్తే, నేనన్నాను:

"ఇంకెందుకత్తా అది? అసలు కారణమే పోయాక?"

"డాక్టరుగారిని అడగొద్దా?"

"నేను చెబుతున్నాగా."

అంతే. ఆమెకి నా మాట చాలు. అట్ట తీసుకెళ్లి గూట్లో పెట్టేసింది. శ్రావణమాసం అది. పసుపు రాసిన గడప పక్కన కూర్చుని నేను కాఫీ తాగుతున్నాను. తర్వాత డాక్టరుగారు ఒకటి రెండుసార్లు మీ అత్త రాలేదేమని అడిగితే, "బాగుంది సార్, పొలం పనుల్లో ఉంది" అన్నాను.

మాఘంలో కోతలు మొదలయ్యాక అత్త కల్లంలోకి రావడం లేదని మామయ్య నుంచి కబురొచ్చింది. వెళ్లి చూస్తే రెండు చేతులూ కొంగు కింద దాచుకుని కూర్చుంది. కొంగు నేనే లాగేశాను. కణుపులు ఉసిరికాయల్లా ఉన్నాయి. వేళ్లు చిటికెన వేలి వైపు ఒరిగిపోతున్నాయి. ముట్టుకుంటే నా చెయ్యి కాలింది.

"ఎన్నాళ్లుగా?"

"కార్తీకం నుంచి."

"మరి చెప్పలేదేం?"

"నువ్వంత గట్టిగా చెప్పావు కదే. నీ మాట తప్పయిపోద్దని."

మూడు నెలలు ఆ నొప్పిని కొంగు కింద పెట్టుకుంది, నా మాట తప్పు కాకూడదని. ఈ వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఆసుపత్రికి తీసుకొచ్చాం. ఎక్స్‌రేలు తీశారు. కణుపుల అంచులు అరిగిపోయాయి. డాక్టరుగారికి కోపం రావడం నేను ఎప్పుడో కానీ చూడలేదు. ఆ రోజు వచ్చింది.

"ఎవరమ్మా మిమ్మల్ని మాత్ర ఆపమన్నది?"

నేను ఆ ఫైలు పట్టుకుని ఆయన కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాను. అత్త నా వైపు చూడను కూడా చూడలేదు.

"ఎవరూ అన్లేదయ్యా. వికారం పడలేక నేనే మానేశా."

"మీ మేనకోడలు ఇక్కడే పనిచేస్తోంది కదా! ఆ అమ్మాయినైనా అడగొచ్చు కదా?"

"దానికి తెలవదండి. తెలిస్తే ఊరుకుంటదా? తిట్టిపోసుద్ది."

నేను నోరు విప్పలేదు. ఉద్యోగం గుర్తొచ్చింది, పరువు గుర్తొచ్చింది. ఒక్క క్షణం ఆగి చెబుదామనుకున్నాను. ఆ క్షణం దాటింది. ఆయన మందులు రాయడం మొదలుపెట్టారు. నా మీద పడాల్సిన తిట్లన్నీ ఆమె తలొంచుకుని తిన్నది. బయటికొచ్చాక "ఆకలేస్తందే, ఇడ్లీ తిందాం పద" అంది.

మాత్ర మళ్లీ మొదలైంది. నొప్పి తగ్గింది, వాపు తగ్గింది. వంగిన వేళ్లు మాత్రం తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆరేడేళ్లు బతికింది. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయేది. ముద్ద కలుపుకోలేక చెంచాతో తినేది, ఎవరైనా వస్తే చెంచా కంచం కింద దాచేది. మామయ్య జడ వెయ్యడం నేర్చుకున్నాడు. ఎద్దులకి పలుపుతాళ్లు పేనిన చేతులు కదా, జడ కూడా అలాగే బిగించి వేసేవాడు. "జడ వేశావా, బండి కట్టావా?" అనేది. కల్లంలో కాయ మాత్రం ఎవరితోనైనా చెవి దగ్గర నొక్కించుకుని వినేది. తాలుకాయలు ఇంకెవరో ఏరుతుంటే ఒడ్డున మంచం మీద కూర్చుని, "అదిగో, అదొదిలేశావ్" అని చెప్పేది. చెప్పీ చెప్పీ కాసేపటికి ముఖం తిప్పుకునేది. ఆ ముఖం తిప్పుకోవడం నేను చూశాను. చూసి, బస్సుకి టైమైందని లేచి వచ్చేసేదాన్ని.

ఒప్పుకుందామని చాలాసార్లు మొదలుపెట్టాను. "అత్తా, ఆ రోజు నేను..." అనగానే అందుకునేది. "పాత కాయలు తిరగెయ్యమాకే. ఘాటొచ్చి తుమ్ములు తప్ప ఏముండదు" అని ఇంకో మాటలోకి దింపేది. ఆమె ఆపింది కనక ఆగానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆమె ఆపడం నాకు హాయిగా ఉండేది.

రెండేళ్ల కిందట డాక్టరుగారిని మళ్లీ అడిగాను, మా అత్త కీళ్లకి ఆ క్రిమే కారణమా సార్ అని. "తెలియదమ్మా. ఔనని కొందరు, కాదని కొందరు. ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు" అన్నారు. ఆయనకి తెలియదని చెప్పడానికి సిగ్గు లేదు. నాకు ఆ రోజు ఆ ఒక్క మాట చేతనై ఉంటే చాలు. తెలియదత్తా, ఆదివారం మాత్ర వేసుకో, అని.

అత్త పోయిన ఆ మంగళవారం మధ్యాహ్నానికి ఊరు చేరాను. ముత్తయిదువగా పోయింది కనక స్నానం చేయించి, పసుపు రాసి, ఎర్రచీర కట్టారు. మా అమ్మ కొత్త గాజులు తెప్పించింది, ఆకుపచ్చ మట్టిగాజులు. అవి చేతికి ఎక్కడం లేదు. సబ్బు రాసింది, నూనె రాసింది. ఒరిగిపోయిన కణుపుల దగ్గర ఆగిపోతున్నాయి. ఒక గాజు పుటుక్కుమంది. "ఉత్త చేతుల్తో ఎట్టా పంపుతామే" అని మా అమ్మ ఏడుపు లంకించుకుంది. ఎవరో "కాస్త గట్టిగా నొక్కితే ఎక్కుద్ది" అంటూ ముందుకొచ్చి ఆ చెయ్యి పట్టుకున్నారు.

"నొక్కొద్దు" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. వాకిట్లో అందరూ ఇటు తిరిగారు. నేను అత్త పక్కన కూర్చుని ఆ చెయ్యి నా ఒళ్లోకి తీసుకున్నాను. "ఈ చెయ్యి ఇట్లా చేసింది నేనే. మాత్ర ఆపమన్నది నేనే. డాక్టరుగారు అడిగితే నోరు మూసుకున్నాను" అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. ఏడుపులో సగం మాటలు ఎవరికీ అర్థమై ఉండవు.

మామయ్య గోడకి ఆనుకుని ఉన్నాడు. "తెలుసులేమ్మా" అన్నాడు. "అట్ట గూట్లో పెట్టిన రోజే చెప్పింది. నొప్పి వచ్చాక నేను నిన్ను అడుగుతానంటే ఒట్టు పెట్టించుకుంది. 'పిల్ల సంతోషంగా చెప్పింది, నేను సంతోషంగా విన్నా. ఇందులో దాన్ని అడిగేదేముంది' అంది."

అంతమందిలో ఎవరైనా తిడతారేమోనని చూశాను. తిడితే బాగుండుననీ చూశాను. మా అమ్మ ముక్కు తుడుచుకుని మిగిలిన గాజులు నా చేతిలో పెట్టింది.

ఆ గాజులు నేను ఒక్కొక్కటే తీసి, మణికట్టుకి కాకుండా, లోపలికి ముడుచుకుపోయిన ఆ వేళ్లకే తగిలించాను. ఈ చేతికి అయిదు, ఆ చేతికి ఆరు. పాడె లేపినప్పుడు గలగలమన్నాయి. వీధి మలుపు దాకా వినపడ్డాయి. ఒక్కటీ జారలేదు.